ప్రతిరోజూ జనవరి ఒకటి

నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూల్లో ప్రతిరోజూ జనవరి ఒకటో తారీఖే. అది కూడా నాకు మాటలు సరిగ్గా రాని వయసు నాటి జనవరి ఒకటి. బయట ఎండలు మండనీ, తుఫాను హెచ్చరికలు రానీ, కంప్యూటర్ గదిలో మీట నొక్కితే చాలు, తెర మూలన ఆ తేదీయే కనిపించేది. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుందనీ, అది చచ్చిపోతే మిషనుకు నిన్న అనేది గుర్తుండదనీ మా కంప్యూటర్ మేస్టారు చెప్పారు. కొత్త బ్యాటరీ కావాలని హెడ్మాస్టరు పైకి కాగితం రాశారు. తర్వాత ఆ కాగితం సంగతి పైవాళ్ళకూ గుర్తులేదు. వాళ్ళలో కూడా అలాంటి బిళ్ళే ఏదో అయిపోయి ఉంటుంది.

ఈ మాట చెబితే మా అక్క కొడుకు నవ్వుతాడు. వాడి ఫోనులో ఉన్న ఆటల్లో మనుషులు నిజం మనుషుల్లా చెమటలు కూడా కారుస్తారు. 'పిన్నీ, నువ్వు రాజుల కాలంలో పుట్టావా' అంటాడు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ వాడి తప్పేమీ లేదు. మా ఊళ్ళో మనుషులు తొందరగా పెద్దవాళ్ళయ్యేవారు. మరీ పెద్దవాళ్ళవడానికి మాత్రం ఆగేవారు కాదు.

ఆ గదిలో మొత్తం పదకొండు కంప్యూటర్లు. పనిచేసేవి నాలుగు. సముద్రం మా ఊరికి దగ్గర. భావనపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి జీడితోటలు ఎంత అడ్డం నిలబడినా, ఇనుమును అది వదిలేది కాదు. చెప్పులు బయట విప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. దసరాలో ఆయుధపూజ నాడు హెడ్మాస్టరు పదకొండింటికీ పసుపు రాయించి బొట్టు పెట్టించేవారు. చచ్చిన ఏడింటికి బొట్టు ఎందుకండీ అని ఎవరో అడిగితే, రిజిస్టర్లో బతికే ఉన్నాయి కదా అన్నారట.

మేస్టారు ఆ గదికి తగ్గ మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో. పక్క ఊరే. వారంలో రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, మొదటి బస్సుకు శ్రీకాకుళం వెళ్ళి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని, ఒంట్లో రక్తం కడిగించుకుని వచ్చేవారు. మర్నాడు ఉతికి ఆరేసిన చొక్కాలా ఉండేవారు. డయాలసిస్ అనే మాట మా బళ్ళో ఆరో తరగతి వాళ్ళకు కూడా తెలుసు. స్పెల్లింగ్ పదో తరగతి వాళ్ళకూ రాదు. ఆయన ఎడమచేతి మీద, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషను చేసిన చోట, నరం ఒకటి తాడులా ఉబ్బి ఉండేది. దానిమీద వేలు పెడితే లోపల గుర్రుమని వణుకు తెలిసేది. 'ఇది నా ఫేను. ఇది తిరిగినన్నాళ్ళూ మిషను ఆన్‌లో ఉన్నట్టు' అనేవారు. మేము వరసలో నిలబడి వేలు పెట్టి చూసి, వెంటనే వెళ్ళి కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెట్టి పోల్చుకునేవాళ్ళం. రెండూ ఒకేలా ఉండేవి. మేస్టారిది కొంచెం వెచ్చన.

ఆయన దగ్గర అరలీటరు నీళ్ళ బాటిల్ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆ రోజుకి అంతే. అంతకుమించి తాగితే ఆ నీళ్ళు ఒంట్లోంచి బయటికి వెళ్ళవు, ఊపిరికి అడ్డం పడతాయి. దాహం వేస్తే మూత తీసి, మూతలో పోసుకుని, పెదాలు తడిపేవారు. ఎవరింటికైనా వెళ్తే గ్లాసుతో నీళ్ళిస్తారు కదా, వద్దంటే బాగోదని, నోట్లో పోసుకుని పుక్కిలించి, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి, గ్లాసు కృతజ్ఞతగా తిరిగిచ్చేవారు.

ఆ గదిలో పాఠం వారానికి ఒకటి. ఆయన ఉన్న రోజుల్లో మధ్యాహ్నం అన్నాల బెల్లు తర్వాత ఆట ఆడుకోనిచ్చేవారు. ఒకటే ఆట. నల్లటి తెర మీద ఆకుపచ్చ పాము. అది మేస్టారే కాలేజీలో ఉన్నప్పుడు రాసిన ఆట. పాము ఒక పండు మింగితే ఒక గడి పొడుగవుతుంది, ఒక పాయింటు వస్తుంది. గోడకో తన తోకకో తగిలితే చస్తుంది. ఆట అయ్యాక మన పేరు కొట్టమంటుంది. ఎక్కువ పాయింట్లు వచ్చిన పదిమంది పేర్లు తెర మీద వరసగా నిలబడతాయి. మా ఊళ్ళో పేరు నిలబెట్టుకోవడానికి వేరే ఏర్పాట్లు లేవు కాబట్టి పోటీ గట్టిగానే ఉండేది.

మొదటి పేరు కిళ్ళీకొట్టు వాళ్ళబ్బాయిది, నూట నలభై మూడు. నాది ఎనిమిదోది, అరవై ఒకటి. నేను ఆడుతుంటే వాడు వెనకాల నిలబడి, "ఒలే, నీ పాము ఆకలికి సచ్చిపోతన్నాదే. నాలుగు మెతుకులెట్టే దానికి" అనేవాడు. తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లకు ఇంతకంటే పెద్ద అవమానాలు తర్వాత చాలా జరుగుతాయి. అప్పటికి అదే పెద్దది.

ఒకరోజు అదీ ఇదీ నొక్కుతుంటే ఆ పదిమంది పేర్లూ ఉన్న ఫైలు దొరికింది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంది. పేరు, పక్కన అంకె. తాళం లేదు, కాపలా లేదు. అరవై ఒకటి చెరిపి తొమ్మిది వందల ఎనభై కొట్టి, నా పేరు అందరికంటే పైన పెట్టి మూసేశాను. చెయ్యి కూడా వణకలేదు. గొప్పదాన్నవడం ఇంత తేలికని అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు.

మర్నాడు మేస్టారు తెర చూశారు. తర్వాత నన్ను చూశారు. అందరూ వెళ్ళాక దగ్గరకు పిలిచారు.

"అమ్మా, ఆ తెరలో అడ్డంగా నలబై గళ్ళు, నిలువుగా ఇరవై. మొత్తం ఎన్ని?"

"ఎనిమిదొందలు మేస్టారూ."

"మరి తొమ్మిదొందల ఎనబై గళ్ళ పాముని ఎక్కడ పడుకోబెట్టినావు?"

నేను నేల చూశాను. నేల మీద కూడా చోటు లేదు. తిడతారనుకున్నాను. "ఉండనీలే" అన్నారు. "నీకు తెలుసు, నాకు తెలుసు. పాముకీ తెలుసు."

వారం తిరక్కుండా ఆట చచ్చిపోయింది. ఎంత ఆడినా అందని అంకె పైన కూర్చున్నాక ఎందుకు ఆడటమని ఒక్కొక్కరే మానేశారు. కిళ్ళీకొట్టు అబ్బాయి గోళీలకు మళ్ళాడు. ఖాళీ గదిలో చాంపియన్‌గా నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. అది అనుకున్నంత బాగాలేదు. అయినా దిద్దలేదు.

మా ఊళ్ళో అసలు అంకె వేరే ఉంది. ఉద్దానంలో పుట్టినవాళ్ళకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. మా తోటల ఊళ్ళలో మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి, నీళ్ళు సీసాల్లో పట్టుకుని, మట్టి పొట్లాల్లో కట్టుకుని వెళ్ళేవారు. కారణం దొరికిందని మాకెవరూ చెప్పలేదు. ఊళ్ళో మట్టి మాత్రం కాస్త తగ్గింది. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటి కొలుస్తారు. ఒకటి దగ్గర ఉంటే మంచిది. పెరిగే కొద్దీ కిడ్నీ చచ్చిపోతున్నట్టు. టీ బడ్డీ దగ్గర ఇద్దరు ఎదురుపడితే తిన్నావా అని అడగరు. "ఎంతున్నాది బావా?" అంటారు. "రెండూ ముప్పై." "పర్లేదు, మా మావది నాలుగు." పాము ఆటలో అంకె పెరగాలి, ఇక్కడ పెరగకూడదు. మిగతా అంతా ఒకటే. ఇక్కడ కూడా తన తోకే తగిలి పోతారు.

అయితే సగం ఊరు పరీక్ష చేయించుకునేది కాదు. సూస్తేనే వస్తాది అని నమ్మకం. దానికి రుజువు మా ఇంట్లోనే ఉంది. మా పెదనాన్న పొద్దున లేచి కొబ్బరిచెట్లెక్కి దిగే మనిషి. ఎవరో బలవంతపెడితే పరీక్ష చేయించుకున్నాడు. తొమ్మిది అన్నారు. ఆ సాయంత్రం మంచమెక్కిన మనిషి మళ్ళీ దిగలేదు. నాలుగు నెలల్లో పోయాడు. "అంకె సెప్పకుండా ఉంటే నా కొడుకు బతికీవోడు. ఆ అంకే పట్టుకెల్లిపోనాది" అని మా నానమ్మ ఇల్లంతా తిరిగి ఏడ్చేది. నేనూ నమ్మాను. సైన్సులో నాకు ఎనభై రెండు మార్కులు వచ్చేవి. ఆ మార్కులకూ ఈ నమ్మకానికీ నా బుర్రలో ఎప్పుడూ గొడవ రాలేదు. వాటివి వేరువేరు గదులు.

మా నాన్నకు చదువు రాదు. జీడితోటలో వంగి వంగి నడుం నొప్పి. దానికి కొట్టులో దొరికే నొప్పి బిళ్ళ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకునేవాడు. ఆ బిళ్ళలు కిడ్నీకి ఎలుకలమందు లాంటివని మేస్టారు క్లాసులో చెబితే నేను ఇంటికొచ్చి చెప్పాను. ఒక్క మాటకు మానేశాడు. బస్సు మీద ఊరి పేరు, పంచాయతీ నోటీసు, మందుల చీటీ, ఏదైనా నాన్నకు నేను చదివి చెప్పాలి. నేను చదివిందే రాసి ఉన్నది.

ఆ వేసవి ముందు బళ్ళో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. నాన్న రానంటే రానన్నాడు. మేస్టారు మా ఇంటికొచ్చి, మా అమ్మ ఇచ్చిన నీళ్ళు పుక్కిలించి, అరగంట కూర్చుని చెప్పారు. నాన్న ఆయన వైపు కాక నా వైపు చూశాడు. వెళ్దాం నాన్నా అన్నాను. "నువ్వు సెప్పినావని వస్తన్నాను గానీ, నాకేటీ నేదే" అంటూ చెయ్యి చాపి సూది పొడిపించుకున్నాడు.

పది రోజులకు అంకెలు వచ్చాయి. చేత్తో రాసిన కాగితాలు. వాటిని కంప్యూటర్లో కొట్టి, జాబితా తీసి పంచాయతీ గోడకు అంటిస్తే, ఒకటిన్నర దాటినవాళ్ళను వ్యానులో శ్రీకాకుళం తీసుకెళ్ళి పెద్ద పరీక్షలు చేసి మందులిస్తారు. కొట్టే పని మేస్టారిది. ఆయనకు ఆ రోజు చలిజ్వరం. అందుకని వేగంగా కొట్టే ఇద్దరికి, నాకూ కిళ్ళీకొట్టు అబ్బాయికీ, కాగితాలు తలా ఐదు పంచారు. ఒకరు కొట్టింది ఇంకొకరు సరిచూడాలని ఆయన నియమం. కానీ మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోతుంది. కొట్టి, అచ్చు తీసేసరికే టైము సరిపోయేలా ఉంది.

నా నాలుగో కాగితంలో మా వీధి వచ్చింది. మధ్యలో మా నాన్న పేరు. పక్కన మూడు పాయింటు తొమ్మిది.

కీబోర్డు మీద మూడుకీ సున్నాకీ మధ్య ఆరు మీటలుంటాయి. వేలు జారిందని చెప్పడానికి వీల్లేనంత దూరం. నాకు పెదనాన్న మంచం కనిపించింది. చెప్పకపోతే రాదు కదా అనుకున్నాను. సున్నా కొట్టాను. చుక్క పెట్టాను. తొమ్మిది కొట్టాను. తర్వాతి పేరుకు వెళ్ళాను. ఈసారి కూడా చెయ్యి వణకలేదు. అలవాటైన పనే.

ప్రింటరు కర్రుకర్రుమని జాబితా కక్కింది. మేస్టారు వణుకుతూ దాన్ని పంచాయతీ మనిషికి ఇచ్చి, కాగితాలు బీరువాలో పెట్టి, ఇంటికెళ్ళారు. మర్నాడు మంగళవారం శ్రీకాకుళం వెళ్ళినవారిని జ్వరం తగ్గలేదని అక్కడే ఉంచేశారు. కంప్యూటర్ గదికి తాళం.

నాన్న నన్ను పంచాయతీ గోడ దగ్గరకు తీసుకెళ్ళి చదవమన్నాడు. సున్నా పాయింటు తొమ్మిది అని చదివాను.

"అంటే ఏటే?"

"ఏటీ నేదు నాన్నా."

నాన్న అక్కడే నిలబడి ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తన పేరెక్కడుందో కూడా తెలియని మనిషి, చూపుడువేలితో గోడను తడిమాడు. ఆ రోజు అమ్మ కోడిని కోసింది. మా నానమ్మ, అంకె మంచిదైతే అంకెను నమ్మొచ్చని తన సిద్ధాంతాన్ని కొద్దిగా సవరించుకుంది.

మర్నాడు పొద్దున నాన్న చొక్కా జేబులోంచి బిళ్ళ తీశాడు. నేను బిత్తరపోయి చూశాను. "కిడ్నీ బాగున్నాదన్నావు గదే. మరింక బయ్యమేటి" అని మింగి, నీళ్ళు తాగి తోటకెళ్ళాడు. సాయంత్రం ఇంకొకటి. బిళ్ళల అట్ట తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాను, మళ్ళీ కొనుక్కొచ్చాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిస్తే మంచం కనిపించేది. నోరు మూస్తే బిళ్ళ కనిపించేది. రెండు రోజులకు నాలుగు, మూడు రోజులకు ఆరు. ఆ ఎక్కం నాకు ఇప్పటికీ బాగా వచ్చు.

వ్యాను వచ్చింది. మా ఊరివాళ్ళు ఎక్కారు. వాళ్ళలో కిళ్ళీకొట్టు ఆయన ఉన్నాడు. అంటే వాళ్ళబ్బాయి తన కాగితంలో తండ్రి అంకెను ఉన్నదున్నట్టు కొట్టాడు. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, వాడు వెళ్ళి గోళీలాడుకున్నాడు. కాసేపు ఆడి, గోళీలు జేబులో వేసుకుని ఏడ్చాడు. నేను దూరం నుంచి చూశాను.

పన్నెండో రోజున మేస్టారు తిరిగొచ్చారు. చెంపలు లోపలికి పోయాయి. మధ్యాహ్నం నన్ను గదికి రమ్మన్నారు. ఎదురుగా రెండు కాగితాలున్నాయి. చేత్తో రాసింది ఒకటి, అచ్చు తీసింది ఒకటి. జ్వరం తగ్గగానే ఆయన చేసిన మొదటి పని ఆ రెండూ సరిచూడటం. నాన్న పేరు కింద రెండింట్లోనూ పెన్సిలు గీత.

ఆయన మిషను ఆన్ చేశారు. జనవరి ఒకటి వచ్చింది. జాబితా తెరిచి, కుర్చీ నావైపు జరిపి, "దిద్దు" అన్నారు.

"చేసింది వెనక్కి తీసుకునే మీట ఉంది గదా మేస్టారూ, అది కొట్టనా?" అన్నాను. ఎందుకు అడిగానో తెలీదు. అంతా వెనక్కి వెళ్ళిపోతుందనే ఆశేమో.

"ఫైలు మూసీసినాక అది పనిసెయ్యదమ్మా. ఇప్పుడు కొత్తగా కొట్టాల్సిందే."

సున్నా చెరిపి మూడు కొట్టాను. ఆ అంకెను పైకి చదివి ఫైలు మూశాను.

"ఇంటికెల్దాం పద. నువ్వే సెప్పాల" అని తన మోపెడ్ మీద ఎక్కించుకున్నారు. తోటల మధ్య దారిలో, వెనక్కి తిరక్కుండా, తన సంగతి చెప్పారు. డిగ్రీలో ఉండగా ఆయనకు మొదటి పరీక్షలో నాలుగు వచ్చిందట. తండ్రి అప్పటికే ఇదే రోగంతో పోయాడు. తల్లికి చెప్పలేక, కాలేజీ కంప్యూటర్లో ఆ ఆసుపత్రి కాగితం లాంటిదే తయారుచేసి, అక్షరాలు, గీతలు, ముద్ర అన్నీ సరిపోయేట్టు పెట్టి, అంకె దగ్గర ఒకటి వేసి చూపించారట. "అచ్చం ఉన్నాది. నాకే నమ్మకం కుదిరిపోనాది. మందులు మొదలెడితే అమ్మకి తెలిసిపోతాదని రెండేళ్ళు మందు ముట్టలేదు. ఆ రెండేళ్ళలోనే పాము ఆట రాసినాను. బాగుంటాది గదా?" అన్నారు. బాగుంటుంది మేస్టారూ అన్నాను.

మా ఇంటి ముందు నాన్న తాడు పేనుకుంటున్నాడు. నేను దిగి, ఎదురుగా నిలబడి, నాన్నా అన్నాను. తర్వాతి మాట ఇంకో క్షణం ఉంటే వచ్చేదేమో. ఈ 'ఏమో' అనేదాన్ని నేను చాలా ఏళ్ళుగా తూకం వేస్తున్నాను.

"తప్పు నాది" అన్నారు మేస్టారు వెనకనుంచి. "జొరంలో ఉన్నాను, అంకె తప్పు పడిపోనాది. సున్నా కాదు, మూడూ తొమ్మిది. మీరు వ్యానెక్కాల్సినోరు."

నాన్నకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తాడు కింద పెట్టి లేచాడు. "మరి ఇన్నాళ్ళూ నాను మింగిన బిళ్ళలో?" అన్నాడు. మేస్టారు ముఖం మారింది. బిళ్ళల సంగతి ఆయనకు తెలీదు. నా వైపు చూడబోయి, చూడలేదు.

"సదువుకున్నోడివి కాదేటయ్యా నువ్వు! మనుసుల పేనాలతో ఆటలా నీకు!" అంటూ నాన్న ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి తోశాడు. ఉతికిన చొక్కా మనిషి. మోపెడ్ మీదకు పడి నిలదొక్కుకున్నారు. చేతిలో ఉన్న బాటిల్ కింద పడింది. మూత ఊడి నీళ్ళన్నీ ఇసకలోకి పోయాయి. మా నానమ్మ గుమ్మంలోంచి, "నీకున్నాదని ఊరందరికీ అంటిస్తావేటి! మొన్న సున్నా అన్నావు, నేడు మూడంటావు, రేపు తొమ్మిదంటావు. ఒకడిని పట్టుకెల్లింది సాలదా!" అని శాపాలు పెట్టింది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. అలవాటు కొద్దీ గ్లాసు నీళ్ళు తెచ్చిన మా అమ్మ, నాన్న ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. నోరు నాదే. ఎవరూ మూయలేదు.

మేస్టారు వంగి ఖాళీ బాటిల్ తీసుకున్నారు. "మంగళవారం వ్యానొస్తాది. నాను కూడా అందులోనే ఎల్తాను. బిళ్ళలు మాత్రం ఈ పొద్దే ఆపీయండి" అని మోపెడ్ తిప్పుకుని వెళ్ళిపోయారు.

మంగళవారం నాన్న వ్యానెక్కనన్నాడు. నాన్నా, వెళ్దాం అన్నాను. నా ముఖం చూశాడు. "నువ్వు సెప్తన్నావా?" అన్నాడు. ఎక్కాడు. నేనూ ఎక్కాను. ముందు సీట్లో మేస్టారు కూర్చుని ఉన్నారు. మా నాన్న ఆయన వైపు చూడకుండా దారి పొడవునా కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూశాడు.

మర్నాడు బళ్ళో మేస్టారిని అడిగాను, ఎందుకలా చెప్పారని. ఆయన కీబోర్డులో దుమ్ము ఊదుతున్నారు.

"మీ నాయనకి ఇంక రోజూ మందులు. ఏది ఎప్పుడు మింగాలో, ఏది మింగకూడదో సదివి సెప్పాల్సింది నువ్వు. నీ మాట మీద నమ్మకం పోతే ఆ మనిసి ఎవరి మాట ఇంటాడు? నా మీద నమ్మకం పోతే ఏటయ్యింది. నాను ఎన్నాళ్ళుంటానని." తర్వాత కీబోర్డు తిరగేసి తట్టారు. ఇసక రాలింది. "నువ్వు మాత్రం ఇంక తప్పు సదవకు."

ఊరు ఆయన్ని అంత తేలిగ్గా వదల్లేదు. తర్వాతి క్యాంపు జాబితా ఆయనకివ్వలేదు. రోగం బుర్రకెక్కిందన్నారు. ఆయన చెయ్యి ముట్టుకోవద్దని కొందరు పిల్లలకు ఇంట్లో చెప్పారు. వరసలో నిలబడి వేలుపెట్టే ఆట కూడా అలా ఆగిపోయింది. మా బళ్ళో నేను ఆపించిన రెండో ఆట అది. దసరాకు ముందే, ఒక శుక్రవారం, బస్సు దిగి ఇంటికి నడుస్తూ దారిలో కూర్చుండిపోయారట, మళ్ళీ లేవలేదట. నేను అప్పటికీ చెప్పలేదు. చెబితే నాన్న మందులు మానేస్తాడని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కూడా కావడం నాకు బాగా కలిసొచ్చింది. ఆ ఏడాది ఆయుధపూజకు హెడ్మాస్టరు పన్నెండో బొట్టు ఆయన కుర్చీకి పెట్టించారు. రిజిస్టర్లో ఆయన పేరు ఇంకా ఉంది.

నేను పదో తరగతి రాసిన వేసవిలో ఆ కంప్యూటర్లను ఆటోలో వేసి పాత ఇనుముకు పంపేశారు. ముందురోజు హెడ్మాస్టరు దగ్గర తాళం అడిగి గదిలోకి వెళ్ళాను. నాలుగింట్లో ఒకటే లేచింది. పాము ఆట ఫైలు తెరిచి, తొమ్మిది వందల ఎనభై చెరిపి అరవై ఒకటి కొట్టాను. నా పేరును ఎనిమిదో చోటికి దింపి మూసేశాను. కిళ్ళీకొట్టు అబ్బాయి మళ్ళీ మొదటివాడయ్యాడు. చూడటానికి గదిలో ఎవరూ లేరు.

మా నాన్నకు రెండు మూడేళ్ళు అన్నారు డాక్టర్లు. ఆయన లెక్కల్లో కాస్త వీక్, ఏడేళ్ళు ఉన్నాడు. నేను చదివి ఇచ్చిన బిళ్ళలన్నీ వేళకు మింగాడు. ఆఖరి రెండేళ్ళు ఆయనకూ అదే చేయి, అదే తాడు, అదే మంగళవారం, అదే శుక్రవారం. ఒకరోజు పొద్దున అరలీటరు బాటిల్లోకి చెంబుతో నీళ్ళు వంచుకుంటూ, ఒక్క చుక్క పక్కకు పోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాను. మూడు ఎలా సున్నా అయిందో, ఎవరు చేశారో, అన్నీ. నాన్న మూత బిగించాడు.

"ఆ పొద్దు ఆయన బాటిల్ పడిపోనాది గదా" అన్నాడు చివరికి. "మరి మళ్ళీ నీళ్ళు పోసి ఇచ్చినామేటి?"

లేదు నాన్నా అన్నాను. ఆ రోజు గురించి మా నాన్న మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

పన్నెండు రోజుల బిళ్ళల వల్ల పెద్ద తేడా ఏమీ ఉండదని ఒక డాక్టరు నాతో అన్నాడు. మంచివాడు. డాక్టర్లకు అలా అనడం అలవాటు.

ఇప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు కొడతాను. ప్రతి అంకెనూ వేలు పెట్టి రెండుసార్లు పైకి చదువుతాను. పక్క సీటు అమ్మాయి, 'అక్కా, గుడిలో మంత్రాల్లా ఏటది' అంటుంది. చదువు రానివాళ్ళు వస్తే బయటికి వచ్చి, పక్కన కూర్చుని, ఉన్న అంకెను ఉన్నట్టు చెబుతాను. వాళ్ళ ముఖం మారేదాకా ఉంటాను. అది చూడకుండా లోపలికి వెళ్ళకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. చేతి మీద తాడులాంటి నరమున్న మనిషి కనిపిస్తే నా చూపు ముందు బాటిల్ మీదకే పోతుంది. ఖాళీగా ఉంటే నింపనా అని అడుగుతాను. చాలామంది వద్దమ్మా, ఈ రోజుది అయిపోయింది అంటారు.

ఆ చివరిరోజు పాము ఆట ఫైలు మూశాక, దాన్ని మార్చిన తేదీ ఏం చూపిస్తుందోనని చూశాను. జనవరి ఒకటి. నేను మొదట అంకె మార్చిన రోజూ అదే. నాన్న పేరు పక్కన సున్నా కొట్టిన రోజూ, దాన్ని దిద్దిన రోజూ, ఇసకలో నీళ్ళు ఇంకిపోయిన రోజూ, ఆ మిషను లెక్కలో అన్నీ ఒకటే రోజు, మధ్యలో ఏమీ జరగలేదు. దాని అదృష్టం. నాలో ఆ రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఇంకా పనిచేస్తూనే ఉంది.